మామగారి కండువా మింగిన కారు

నా చేతుల్లో చెడిపోయిన వస్తువుల జాబితా రాయాలంటే రెండు వందల పేజీల నోటుపుస్తకం చాలదు. గడియారాలూ మిక్సీలూ అయితే ఇంట్లోవాళ్లే తిట్టి ఊరుకున్నారు. ఇప్పుడు చెప్పబోయేది ఆ కోవలోది కాదు. ఒక డీజిలు కారునీ, ఒక పెళ్లిచూపుల ప్రయాణాన్నీ, మా మామగారికి నా మీదున్న గౌరవాన్నీ ఒకే పొద్దున, పావుగంటలో, ఎవరి సాయమూ లేకుండా తగలేసినంత పని చేసిన వైనం.

తొంభై ఏడో, తొంభై ఎనిమిదో. నాకు పెళ్లయి నాలుగు నెలలు. మామగారికి కడియంలో మొక్కల నర్సరీ. ఆ మధ్యే సెకండ్ హ్యాండులో ఒక డీజిలు కారు కొన్నారు. నేను రాజమండ్రిలో ఇన్సూరెన్సు గుమాస్తాని. కానీ మెకానికల్ డిప్లమా ఫస్టుక్లాసులో పాసయ్యాను. ఈ రెండో సంగతి పెళ్లినాటి నుంచి అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెబుతూనే ఉన్నాను. డీజిలు ఇంజిను బొమ్మ కళ్లు మూసుకుని గీసేవాణ్ణి. నిజం ఇంజిను చూసింది మాత్రం ప్రాక్టికల్ పరీక్షనాడు, అదీ వెనక వరసలో నిలబడి.

ఆ రోజు మా బావమరిది శ్రీనుకి పిఠాపురంలో పెళ్లిచూపులు. పది దాటితే వర్జ్యం కాబట్టి ఏడున్నరకల్లా కదలాలని మామగారి ఆర్డరు. ఏడుంపావుకి శ్రీను తాళం తిప్పాడు. కారు “ఊఁ... ఊఁ... ఊఁ...” అని జ్వరమొచ్చిన గేదెలా మూలిగి ఊరుకుంది.

“వారం రోజుల్నించీ ఇదే వరస నాన్నా. సత్తిబాబుకి కబురెట్టనా?” అన్నాడు. సత్తిబాబు ఆ ఊరి మెకానిక్కు.

మామగారు నా వైపు తిరిగారు. “అల్లుడుగారు చదివింది ఇదే కదా. కాస్త చూస్తారేంటండి?”

“చూడ్డానికేముందండి, వింటేనే తెలిసిపోయింది. హీటరు ప్లగ్గులు పోయాయి. ఇంజిను లోపల వేడెక్కట్లేదు.”

“నిన్న మిట్టమధ్యాహ్నం కూడా ఇలాగే మూలిగింది బావగారూ,” అన్నాడు శ్రీను.

“అయితే డీజిలు చిమ్మే ఇంజెక్టర్లు.”

“రెండూ పోయాయంటారా?”

“పంపు మీద కూడా నాకు అనుమానంగానే ఉంది.”

చూశారా, రోగి చెయ్యి పట్టుకోకుండానే మూడు జబ్బులు అంటగట్టాను. మా ఆవిడ సుభద్ర గుమ్మంలోంచి నెమ్మదిగా, “ఏవండీ, తాళం తిప్పినప్పుడు కారు లోపలి లైటు మసకబారిపోతోంది. బ్యాటరీ దగ్గరేమన్నా...” అంది.

“సుభద్రా, ఇది డీజిలు ఇంజిను. లైటుతో దీనికేం పని?” అన్నాను, పాఠం చెప్పే గొంతుతో.

పెట్రోలు వాసన చూపిస్తే ఎంత మొండి డీజిలు ఇంజినైనా లేచి కూర్చుంటుందని కాలేజీలో ఎవరో అనగా విన్నాను. శ్రీను స్కూటర్లోంచి అర గ్లాసు పెట్రోలు తీయించాను. బానెట్ ఎత్తి, ఇంజినుకి గాలి వెళ్లే గొట్టం మూత విప్పాను. ఇక పెట్రోల్లో ముంచడానికి గుడ్డ కావాలి. కారు తలుపు మీద మెత్తటిదేదో వేలాడుతోంది. అదేమిటో, ఎవరిదో చూడాలన్న ఆలోచన ఫస్టుక్లాసు వాళ్లకి రాదు. తడిపి గొట్టం మూతి దగ్గర పట్టుకున్నాను.

“కొట్టు సెల్ఫు!”

బండి స్టార్టయింది. ఈ ముక్క మా అత్తవారింట్లో ఇప్పటికీ ఎవరూ ఒప్పుకోరు గానీ, స్టార్టయింది. ఒక్క గర్జన గర్జించింది. నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. అదే క్షణంలో నా చేతిలో గుడ్డ మాయమైంది. గొట్టం దాన్ని సేమియాలా జుర్రేసింది. ఇంజిను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

“ఆగిపోయిందేంటి బావగారూ?”

“ఊపిరి తీసుకుంటోంది,” అన్నాను.

సరిగ్గా అప్పుడే లోపల్నించి మామగారి గొంతు వినిపించింది. “నా పట్టు కండువా ఎవరన్నా తీశారేంటి? కారు తలుపు మీద వేశాను!”

ఇల్లంతా వెతుకులాట మొదలైంది. నేనూ వెతికాను. అందరికన్నా శ్రద్ధగా, మంచాల కింద దూరి మరీ వెతికాను. “కుక్కేమన్నా లాక్కుపోయిందేమోనండి,” అని సలహా కూడా ఇచ్చాను.

“మనకి కుక్క లేదండి,” అన్నారు మామగారు.

ఈలోగా శ్రీను వెళ్లి సత్తిబాబుని తీసుకొచ్చాడు. సత్తిబాబు ఒకసారి సెల్ఫు కొట్టించి, తిన్నగా బ్యాటరీ మీద చెయ్యేశాడు. “వైరు వదులైపోయి, తెల్లగా పొక్కు కట్టేసిందండి. వేడినీళ్లు తెప్పించండి.” కడిగి, బిగించి, మళ్లీ కొట్టమన్నాడు. ఈసారి మూలుగు లేదు, గిరగిరా తిరిగింది. కానీ ఇంజిను అందుకోలేదు.

సుభద్ర నా వైపు చూడలేదు. చూసినా బాగుండేది.

“గాలి అందట్లేదండి,” అంటూ సత్తిబాబు గొట్టం ఊడదీసి రెండు వేళ్లు లోపలికి పెట్టాడు. ముందు జరీ అంచు వచ్చింది. తర్వాత ఒక మూర. తర్వాత నల్లటి మసితో ఇంకో మూర.

“అల్లుడుగారూ, అది నా కండువా కదండి?” అన్నారు మామగారు, ఎంతో మర్యాదగా.

“అవునండి.”

“అందులో ఏం చేస్తోందండి?”

ఆ ప్రశ్న మా డిప్లమా సిలబసులో లేదు. ఆయన తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది. గారు, అండి తగ్గకుండా చూసే చూపు అల్లుణ్ణి నిలువునా కాలుస్తుంది.

గొట్టం బిగించగానే కారు ఒక్క తాళానికి స్టార్టయింది. వర్జ్యానికి పది నిమిషాల ముందు పిఠాపురంలో దిగాం. అమ్మాయి శ్రీనుకి నచ్చింది, శ్రీను అమ్మాయికి నచ్చాడు. కాఫీలయ్యాక అమ్మాయి తండ్రి నన్ను చూసి మామగారితో, “మా కారూ పొద్దున్నే మొరాయిస్తోందండి. మీ అల్లుడుగారు ఇంజినీరట కదా, ఓసారి చూస్తారేమో?” అన్నారు.

మామగారు కాఫీ గ్లాసు కింద పెట్టారు. “ఎందుకు చూడరండి, తప్పకుండా చూస్తారు. ముందు మీ భుజమ్మీద కండువా బీరువాలో పెట్టి తాళం వేసుకురండి.”

అందుకే నిండు సభలో నిలబడినంత గంభీరంగా, పంచభూతాల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ఎవరి కారు బానెట్టూ ఎత్తను. ఏ ఇంజినుకీ ఏ జబ్బు పేరూ పెట్టను. మీ బండి మొరాయిస్తే మాత్రం మొహమాటపడకుండా కబురు చేయండి, వచ్చి వెనకనుంచి తోస్తాను.