టేకు స్తంభాలకు కొత్త తొడుగు

రామచంద్రపురంలో కామేశం గారిది తాతల నాటి మండువా ఇల్లు. రిటైరైన డ్రాయింగు మాస్టారు కదా, కళాదృష్టి కాస్త ఎక్కువ. మొదట మండువాలోని నాలుగు బర్మా టేకు స్తంభాలకూ నీలం పెయింటు కొట్టించారు. అది పెచ్చులూడాక, ఇంటిని మోడరన్ చేస్తానని వాటి చుట్టూ సిమెంటు మెత్తించి, చెక్కలా కనిపించే టైల్సు అతికించారు.

"ఇంక చెద పట్టదండి," అని ఆయన ఊరంతా చెప్పుకు తిరిగారు. నూరేళ్లలో ఆ స్తంభాలను ఏ చెదా కన్నెత్తి చూసిన పాపాన పోలేదు.

సత్యనారాయణ వ్రతానికి వచ్చిన వియ్యంకుడు ఒక స్తంభాన్ని తట్టి చూశారు.

"అచ్చం టేకులాగే ఉందండి, బావగారూ."

కామేశం గారు పొంగిపోయారు. "మా మేస్త్రీ పనితనమండి."

ఆయన భార్య వరహాలక్ష్మి ప్రసాదం అందిస్తూ అంది:

"లోపల అసలుది కూడా ఉందండి, అన్నయ్యగారూ. ఎవరికీ కనపడకుండా దాచాం."