నాకంటే ముందు గూడెం చేరిన మనిషి

దయ్యాల సంగతి ఎవరైనా ఎత్తితే నేను లేచి వెళ్లి టీ పెట్టుకునే రకం. ముప్పై ఏళ్లు సర్కారు నర్సుగా పల్లెల్లో పురుళ్లు పోశాను. పుట్టినవాళ్లను ఎత్తుకున్నాను, పోయినవాళ్ల కళ్లు మూశాను. పోయినవాళ్లెవరూ తిరిగి వచ్చి నన్ను పలకరించలేదు. ఇప్పుడు రాస్తున్నది కూడా దయ్యం కథ అని నేను అనను. ఏమనాలో తెలియకనే ఇన్నాళ్లూ రాయలేదు.

పొద్దున నడకకు వెళ్లినప్పుడు కొత్త కుక్క కనిపిస్తే నేను రోడ్డు దాటి అవతలి పక్కకు పోతాను. మా కోడలు నవ్వుతుంది. కరుస్తుందని నా భయం అనుకుంటుంది. కరిస్తే ఏముంది, బొడ్డు చుట్టూ సూదులు వేయడం నాకు తెలియనిదా? నా బెదురు వేరు. కొత్త కుక్క నిలబడి మనల్ని చూస్తుంది. ఈ చోటికి కావలసిన మనిషివా, కాదా అని తేల్చుకుంటుంది. కాదనుకుంటే ఆ మాట ఊరందరికీ వినిపించేలా చెబుతుంది. ఉద్యోగంలో చేరిన వయసులో నేను అన్నింటికంటే ఎక్కువగా భయపడింది ఆ మాటకే.

పందొమ్మిది వందల అరవై దాటిన కొత్త. దేవరకొండ నుంచి కల్వకుర్తి వైపు పోయే దారిలో, లోపలికి ఉన్న ఒక ఊళ్లో నాకు ఉద్యోగం. కిరాయి గది, దవాఖాన అనబడే ఇంకో గది. చుట్టూ గుండ్లనే పెద్ద బండరాళ్లు, ఎర్ర గరుసు నేల, వానొస్తే జొన్న చేలు. రెండేళ్లు ఒక్కదాన్నే పది ఊళ్లు తిరిగాను. మూడో ఏడు నాకు తోడుగా సరోజను పంపారు. పాలమూరు వైపు పిల్ల. నాకంటే నాలుగేళ్లు చిన్న. నన్ను అక్కా అని పిలిచేది. ఇద్దరం ఒకే గదిలో ఉండేవాళ్లం.

దాచడం దేనికి, ఆ పిల్లంటే నాకు కుళ్లు. వచ్చిన ఆరు నెలలకే ఊళ్లోవాళ్లు గుమ్మం ముందు నిలబడి "సరోజమ్మ ఉన్నదా?" అని అడగడం మొదలుపెట్టారు. నేను గుమ్మంలోనే కూర్చుని ఉండేదాన్ని. బుట్టల కొద్దీ పల్లికాయ, తంపటేసి ఉడికించిన కంకులు, సీతాఫలాలు ఆమె పేరు మీద వచ్చేవి. ఆమె సగం నా ముందు పెట్టేది. నేను తినేదాన్ని, ప్రతి గింజకూ మండిపోతూ.

అన్నింటికంటే నన్ను కాల్చింది గొల్లగూడెం. మా ఊరికి పడమట మూడు మైళ్లు. గొర్రెలు కాసేవాళ్ల ఇళ్లు ఇరవై దాకా ఉంటాయి. గుట్టల్లో తోడేళ్లు ఉండేవి కాబట్టి మందకు నాలుగైదు కుక్కల చొప్పున పెంచేవాళ్లు. పైగా మేత కోసం వేరే ఊళ్ల మందలు వచ్చి ఆగేవి, వాటి కుక్కలు వాటికి. ఏ కుక్క ఎవరిదో గూడెం వాళ్లకే సరిగ్గా తెలిసేది కాదు.

అక్కడికి పోయేవాళ్లకు ఒక పద్ధతి ఉంది. మంద కనబడగానే నిలబడి కేకేయాలి. కుక్కలు వస్తే చేతిలో కట్టె పక్కన పెట్టి నేల మీద కూర్చోవాలి. ఇంటివాళ్లలో ఒకరు వచ్చి తమ గొంగడి మన భుజాల మీద కప్పి తీసుకుపోతారు. ఆ ఉన్ని వాసన చూసి కుక్కలు తప్పుకుంటాయి. నాకు ఇది తెలియదు. మొదటిసారి వెళ్లినప్పుడు కుక్కలు చుట్టుముట్టగానే పక్కనున్న గుండు మీదికెక్కి రాళ్లు విసిరాను. ఒక రాయి ఒక కుక్క కాలు విరిచింది. నర్సమ్మ గుండెక్కిందని పిల్లలు చాలా రోజులు ఆటపట్టించారు. అది పోనీ. కుక్క కాలు విరగ్గొట్టిన మనిషిని గూడెం మళ్లీ పురుటికి పిలవలేదు.

నేను సెలవులో ఉన్నప్పుడు సరోజ వెళ్లింది. ఆమెకూ పద్ధతి తెలియదు. భయంతో కాళ్లాడక సంచీ ఒళ్లో పెట్టుకుని చతికిలబడిందట. అది సరిగ్గా వాళ్ల మర్యాద అయి కూర్చుంది. గూడెంలో పెద్దావిడ మల్లవ్వ ఎదురొచ్చి గొంగడి కప్పింది. పురుడు బాగా జరిగాక ఆ నల్ల గొంగడి ఆమెకే ఇచ్చేసింది. "ఇది నీ మీదుంటె ఏ కుక్కా నిన్ను ముట్టది బిడ్డా" అన్నదట. సరోజ దాన్ని గదిలో కొక్కేనికి వేలాడదీసింది. పడుకున్నా, లేచినా నా కళ్లెదుటే ఉండేది.

ఒకరోజు ఆమె లేనప్పుడు దాన్ని తీసి ఫినాయిల్ నీళ్లలో ముంచి, సబ్బు పెట్టి బండ మీద ఉతికి ఆరేశాను. పురుగులు పట్టాయని చెప్పాను. పురుగులు లేవు. సరోజ దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, "గొర్రె వాసన పోయిందక్కా" అని మాత్రం అంది.

ఆ తర్వాత వారం రోజులకు పొద్దున్నే గూడెం నుంచి ఒక మనిషి వచ్చాడు. మల్లవ్వ కోడలు బాలమ్మకు నొప్పులు మొదలయ్యాయి. మొదటి కాన్పు. "సరోజమ్మను జల్ది తోలుమన్నది మల్లవ్వ" అన్నాడు. నేను పంపిస్తాను పొమ్మన్నాను. అతను ఇంకేదో పని మీద బస్సుకు వెళ్లిపోయాడు.

సరోజ దూరంగా ఎక్కడికో పోలేదు. మా గదికి ఎదురుగా బడిలో కూర్చుని పిల్లలకు మశూచి టీకాలు వేస్తోంది. రోడ్డు దాటి ఒక్క మాట చెబితే చాలు. నేను చెప్పలేదు. ఈ పురుడు నేను పోయాలి, ఆ గూడెం నా పేరు చెప్పుకోవాలి అనుకున్నాను. సంచీ సర్దుకుని, కొక్కెం మీది గొంగడి తీసి భుజాన వేసుకుని, బడివాళ్ల కంట పడకుండా వెనక సందులోంచి బయటపడ్డాను.

దారి ఒకటే. గరుసు మీద తెల్లటి కాలిబాట. చేలు కోసేశారు, చుట్టూ మైలు దూరం దాకా మనిషి కనబడితే తెలుస్తుంది. గంటన్నర నడిచాను. ముందు ఎవరూ లేరు, ఎదురు ఎవరూ రాలేదు. ఇది నేను ఎన్నిసార్లైనా చెప్పగలను.

గూడెం ఇంకా రెండు పొలాల దూరం ఉందనగా కుక్కలు లేచాయి. ఐదో ఆరో. మొదట నాకు భయం వేయలేదు, గొంగడి ఉంది కదా. ముందున్న బూడిద రంగు కుక్క దగ్గరికి వచ్చి గొంగడి అంచు వాసన చూసి, వెనక్కి తగ్గి పళ్లు బయటపెట్టింది. అప్పుడు గుర్తొచ్చింది నాకు, ఫినాయిల్. నా చేత్తో నేనే ఆ వాసన కడిగేశాను. దవాఖాన కంపు కొట్టే గొంగడి కప్పుకుని, ముక్కూ మొహం తెలియని కుక్కల మధ్య నిలబడ్డాను. చుట్టూ గుండు కూడా లేదు ఎక్కడానికి.

కూర్చున్నాను. సరోజ కూర్చున్నట్టే, సంచీ ఒళ్లో పెట్టుకుని, తల వంచుకుని. ఒక కుక్క ఊపిరి నా మెడకు తగిలింది. అప్పుడు కూడా నా మనసులో ఉన్నది ఏమిటంటే, ఇక్కడ సరోజ ఉంటే ఇవి తోకలూపేవి అని.

భుజాల మీద బరువుగా ఏదో పడింది. పచ్చి ఉన్ని వాసన. తలెత్తితే మల్లవ్వ. "లెవ్వు బిడ్డా, ఏం కాదు" అని చెయ్యి పట్టుకుంది. కుక్కలు ఏమీ జరగనట్టు పక్కకు వెళ్లిపోయాయి.

నేను కేకేయలేదు. అంత దూరంలో నేనున్నానని ఎలా తెలిసి వచ్చావని అడిగాను. "సరోజమ్మనే తోలింది. ఎనక మా అక్కొస్తాంది, ఆమెకు కుక్కలంటె బుగులు, జర ఎదురు పో అవ్వా అన్నది" అని చెప్పింది మల్లవ్వ.

నాకు మొదట కోపం వచ్చింది. ఎవరో కబురు చెప్పేసి ఉంటారు, నన్ను దాటి వచ్చేసింది అనుకున్నాను. అంత నడకా నడిచి మళ్లీ ఆమె వెనకే నిలబడాలా అని ఏడుపొచ్చింది. దాటి రావడానికి ఇంకో దారి లేదన్న సంగతి ఆ కోపంలో తట్టనే లేదు.

గుడిసెలో బాలమ్మ పక్కన ఆడపిల్ల. ఒళ్లు తుడిచి, గుడ్డలో చుట్టి ఉంది. మాయ పూర్తిగా పడింది. బొడ్డు శుభ్రంగా కోసి, రెండు చోట్ల దారం కట్టి ఉంది. ఆ ముడి మాకు నేర్పిన ముడి. కాకపోతే నేనూ అట్లాగే కడతాను, మాతో నేర్చుకున్న ఎవరైనా అట్లాగే కడతారు. దాన్ని సాక్ష్యంగా చూపించలేను. తల్లికి రక్తం ఎక్కువ పోలేదు. నేను చేయవలసిన పని ఒక్కటీ మిగల్లేదు.

సరోజ ఏదని అడిగాను. గుడిసెలో బాలమ్మ కాక ఇద్దరు ఆడవాళ్లు ఉన్నారు. వాళ్లిద్దరూ ఒకే మాట చెప్పారు. చేతులు కడుక్కుని ఇప్పుడే బయటికి పోయింది. "నువ్వొచ్చిన తొవ్వల్నే పాయె. ఎదురు కాలేదా?" అన్నారు.

కుక్కలు మొరగలేదా అన్నాను. మొరగలేదట. మల్లవ్వ ఇచ్చిన నల్ల గొంగడి సరోజ భుజాన ఉందట. ఆ గొంగడి, దారంతా నేను కప్పుకొచ్చింది, అప్పుడు మడతపెట్టి నా చంకలో ఉంది. మల్లవ్వ కప్పిన దాని కింద ఉండటంతో వాళ్లకు కనబడలేదు. నేను చూపించలేదు. నీళ్లు అడిగి తాగాను.

తిరిగి వచ్చేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. సరోజ బడిలోనే ఉంది. ఇంకా పిల్లల వరస అయిపోలేదు. నేను బడి పెద్దసారు దగ్గరికి వెళ్లి మాటల్లో పెట్టి అడిగాను. పొద్దున వచ్చింది మొదలు నీళ్లకు కూడా లేవలేదమ్మా అన్నాడు. పిల్లలందరి జబ్బలకూ గాట్లున్నాయి. బడి నిండా మంది చూస్తుండగా ఆ మనిషి మూడు మైళ్లు పోయి పురుడు పోసి రాలేదు.

ఆ సాయంత్రం సరోజ అన్నం వండుతూ ఎక్కడికి పోయావని అడిగింది. గొల్లగూడెం అన్నాను. బాలమ్మకా అంది సంతోషంగా. "నువ్వే పోసినవా అక్కా?" అంది.

అవునన్నాను.

ఆమె పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. ఇక గూడెం వాళ్లకు నా మీద కోపం పోతుందని మురిసిపోయింది. నేను చేతులు లాక్కోలేదు.

ఇరవై ఒకటో రోజు పేరు పెడతామని ఇద్దరినీ పిలిచారు. ఏదో వంక చెప్పి సరోజను ఆపాలని చూశాను, ఆగలేదు. గూడెంలో అడుగు పెట్టగానే మల్లవ్వ పరుగున వచ్చి సరోజ చేతులు కళ్లకద్దుకుంది. "నిన్నే తోలుమని కబురంపిన, నువ్వు టైముకు రాకపోతె నా కోడలు దక్కకపోవు బిడ్డా" అంది. పిల్లకు సరోజ అని పేరు పెట్టారు.

సరోజ తెల్లబోలేదు. నేను రాలేదవ్వా అని అనలేదు. ఒక్కసారి నా వైపు చూసింది, అంతే. పిల్లను ఎత్తుకుని బొడ్డు మానిందో లేదో చూసింది. పెట్టింది తిన్నది.

ఇద్దరం తిరుగు దారి పట్టాం. నా బదులు అక్కడికి పోయిందెవరు, వాళ్లంతా ఎవరిని చూశారు అని అడుగుతుందని ఎదురుచూశాను. అవేమీ అడగలేదు. ఆ సంగతి ఆమెకు వింతగా ఉన్నట్టే లేదు. అది నన్ను ఇప్పటికీ పీకుతుంది.

"అక్కా, గా దినం కబురు నాకెందుకు జెప్పలె?" అంది. అంతే అడిగింది.

నేను తల వంచుకుని నడిచాను. ఆరు నెలలకు ఆమె బదిలీ అయి వెళ్లిపోయింది. చాలా ఏళ్ల తర్వాత కాలం చేసిందని తెలిసింది. ఆ రోజు గూడెంలో బాలమ్మకు పురుడు పోసింది ఎవరో నాకు తెలియదు. ఎంత ఆలోచించినా తెగలేదు, ఇక తెగదు కూడా. కానీ సరోజ అడిగినదానికి జవాబు నాకు ఆ నిమిషానే తెలుసు. ఒక్క మాట. ఆమె బతికి ఉన్నన్నాళ్లూ కుళ్లు అన్న ఆ ఒక్క మాట నా నోటి నుంచి రాలేదు.