నాలుగు కొట్టి ఒకటి మింగే బండి

ఒట్టు పెట్టి చెప్పే మాటకు వాదనలో విలువ లేదని కళాశాల చర్చావేదిక మీద ఎన్నోసార్లు అన్నవాణ్ణి నేను. కాబట్టి ఒట్టు పెట్టను. ఒక్క అక్షరం కల్పించకుండా జరిగింది జరిగినట్టు చెబుతాను... ఎక్కడైనా పొరపాటు దొరికితే నన్ను అక్కడే ఆపండి. నాకూ అదే కావాలి.

మా బాపు బెల్లంపల్లిలో బొగ్గు బాయి కార్మికుడు. ఆయన దగ్గర ఒక పాత మోటారు సైకిలు ఉంది. రజాకార్ల గొడవ సద్దుమణిగిన ఏడాది, స్వదేశానికి వెళ్లిపోతూ ఒక గని దొర ఆయన చేతిలో పెట్టిపోయిన బండి. గేరు మార్చాలంటే హ్యాండిల్ వదిలి, పెట్రోలు ట్యాంకు పక్కనున్న కర్రను లాగాలి. తాళంచెవి లేదు. బ్యాటరీ లేదు. మాగ్నెటో అనే చిన్న యంత్రం తిరుగుతూ తానే నిప్పురవ్వ పుట్టిస్తుంది. అది లేకపోతే ఇంజన్ మూగది. ఇంజన్‌లో బాపు ఆముదం పోస్తాడు. నిలబెట్టినచోట అది చుక్క చుక్కగా కారుతుంది కనుక రాత్రిళ్లు కింద రేకుడబ్బా పెడతాడు. తెల్లారేసరికి అందులో రెండు చెంచాల ఆముదం చేరుతుంది.

"కారుతున్నదంటే లోపల ఉన్నట్టే గదరా!" అని నవ్వేవాడు.

దాని చప్పుడు కూడా దానిదే. డుగ్... డుగ్... డుగ్... డుగ్... ఆ తరువాతి దెబ్బ ఉండదు. మళ్లీ నాలుగు. నాలుగు కొట్టి ఒకటి మింగడం దాని అలవాటని బాపు అంటాడు.

ఆ బండిని అమ్మేయాలని వాదించినవాణ్ణి నేనే.

"బాపూ, కొత్త బండ్లు ఒక్క తన్నుకు లేస్తున్నయి. దీన్ని లేపేసరికి నీకు పావుగంట. అది ఎనుకకు తంతే కాలు ఇరుగుతది."

"కొత్తది మంచిదే బిడ్డా. కాదంటలేను. గని అది నాతోని ఏం మాట్లాడది. బాయిల పైకప్పును గడ్డపారతోని కొట్టి ఇంటం. గట్టి సప్పుడైతే కింద నిలవడి పని జేస్తం. బోలు సప్పుడైతే ఉర్కుతం. గట్ల ఇని ఇని బతికిన చెవులివి. గీ బండి ఏం జెప్తదో నాకెర్క."

"అది అలవాటు బాపూ. వాదన కాదు."

ఆయన అరచేత్తో పెట్రోలు ట్యాంకు తుడిచాడు. "నువ్వు చదువుకున్నోనివి. నీ మాటే కానీయ్."

అలా గెలిచాను. పాత ఇనుము కొనే మెట్‌పల్లి ఖాసిం చాచా ఆదివారం పొద్దున వచ్చి తీసుకుపోతానన్నాడు. తీసుకుపోయి విప్పేస్తాడు. ఏ ముక్కకు ఆ ముక్క.

శనివారం నేను ఇచ్చోడ వెళ్లాను. నా మిత్రుడు హమీద్ అక్కడ కొత్త బండి కొన్నాడు. రెండు రోజులకు దాన్ని అడిగి తెచ్చి, బాపును ఎక్కించి తిప్పి, పోయిన బండి దిగులు మరిపించాలని నా ఆలోచన. ఆ కొత్త బండి తీసుకుని, ఊరు దాటే ముందు చాయ్ హోటల్ దగ్గర ఆగాను. ఊరికే ఉండలేకపోయాను. ఇంజన్ ఆపి, దీపం వెలిగించి, అందరికీ చూపించాను.

"చూడుండ్రి! ఇంజన్ ఆగినా దీపం ఆగది. పాత బండ్లల్ల ఉన్నదా గీ గుణం?"

బల్ల మీద కూర్చున్న ముసలాయన చాయ్ ఊదుకుంటూ అన్నాడు: "మా ఎడ్లబండి కింద కందీలు సుత గట్లనే వెలుగుతది గద పటేలా!"

అందరూ నవ్వారు. నాకు పౌరుషం వచ్చింది. అరగంట వాదించాను. ఆ అరగంటా దీపం వెలుగుతూనే ఉంది.

ఉట్నూరు దాటేసరికి చీకటి. అడవి. పుష్యమాసపు చలి. దీపం పసుపు రంగుకు తిరిగింది... ఎర్రబడింది... బీడీ నిప్పంత అయింది... పోయింది. ఇంజన్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. తన్నాను. మళ్లీ తన్నాను. ఉలుకు లేదు. ఈ కొత్త బండికి నిప్పురవ్వ కూడా బ్యాటరీయే ఇవ్వాలి. ఆ బ్యాటరీ బలమంతా హోటల్ ముందు నా వాదనకే ఖర్చయింది.

నెట్టుకుంటూ నడిచాను. ఎంతసేపో... గంట కావచ్చు. ఒకచోట కాలి కింద దారి రెండుగా చీలింది. ఒకటి ఆసిఫాబాద్ రోడ్డు. రెండోది అడవి లోపలికి పోయే కలపబండ్ల బాట. ఏది ఏదో కనబడలేదు. నిలబడిపోయాను.

అప్పుడు వినిపించింది.

వెనుక నుంచి... చాలా దూరం నుంచి...

డుగ్... డుగ్... డుగ్... డుగ్...

...

డుగ్... డుగ్...

ఎవరో వస్తున్నారని సంతోషించాను. మరుక్షణం లెక్క తెలిసింది. నాలుగు... ఖాళీ. నాలుగు... ఖాళీ. నా మెడ వెనుక చెమట పట్టింది. ఆ చలిలో.

వెలుగు లేదు. చప్పుడు మాత్రం దగ్గరయింది. పక్కకు వచ్చింది. చేయి చాపితే అందేంత పక్కకు. చేయి చాపలేదు... నిజం చెబుతున్నాను, ధైర్యం లేకపోయింది. కాలిన ఆముదం వాసన నా ముఖాన్ని తాకి ముందుకు పోయింది. ఎడమ దారిలోకి. కొంత దూరం పోయి అక్కడే నెమ్మదిగా కొట్టుకుంటూ ఆగింది. నా కోసం ఆగినట్టు.

నేను ఎడమకే నెట్టాను. నేను నడిస్తే అది నడిచింది. రొప్పుతూ నిలబడితే అదీ నిలబడింది. విచిత్రమేమిటంటే, కొంతసేపటికి నా భయం పోయింది. చిన్నప్పుడు ఆ బండి మీద బాపు వీపుకు ఆనుకుని నిద్రపోయిన చప్పుడది.

మలుపు తిరగగానే ఆసిఫాబాద్ రోడ్డు మీది అడవి శాఖ వారి తనిఖీ నాకా కనబడింది. చప్పుడు లేదు. కంబళి కప్పుకున్న కావలి మనిషి లాంతరు ఎత్తాడు.

"బండి సప్పుడిని గేటు తీసిన. నువ్వేనా పటేలా?"

"నా బండి ఆగి గంటయింది కాకా."

అతడు నా ఇంజన్ మీద చేయి పెట్టాడు. వెంటనే తీసేశాడు. "సల్లగున్నది గద... మరి గా సప్పుడు?"

"ఏదన్న బండి గేటు దాటిందా?"

"తీసి నిలవడ్డ గని... ఏదీ దాటలే."

తెల్లవారుజామున ఒక కలప లారీ నన్నూ బండినీ ఎక్కించుకుని బెల్లంపల్లిలో దించింది. పరుగున కొట్టంలోకి పోయాను. పాత బండి నిలబెట్టినచోటే ఉంది. మాగ్నెటో మాత్రం లేదు! గూట్లో, బాపు పాత తువ్వాలలో చుట్టి ఉంది.

"నిన్న పొద్దుగూకంగనే ఇప్పిన," అన్నాడు బాపు, తప్పు చేసినవాడిలా. "బండి ఇస్త అన్న గని దాని పానం గూడ ఇస్త అన్లే గద. నా దగ్గర ఉంచుకుందామని..."

నేను వంగి రేకుడబ్బా తీశాను. ఎండి ఉంది. ఒక్క చుక్క లేదు.

"బాపూ, నూనె పారబోసినవా?"

"పారబోసిన్నేమో... యాదికి లేదు బిడ్డా. ఎందుకు?"

జవాబు చెప్పేలోగా ఖాసిం చాచా ఎడ్లబండి కట్టుకుని రానే వచ్చాడు. "చలో బేటా, ఎత్తుదామా?"

"మాఫ్ చెయ్యి చాచా. అమ్మం."

"అరే! బాపును ఒప్పించింది నువ్వే గదరా! ఒక్క రాత్రిల ఏమైంది?"

బాపు అప్పటికే తువ్వాల విప్పుతున్నాడు. నేను వంగి రేకుడబ్బాను మళ్లీ బండి కింద పెట్టాను.

నాకు నేనే ప్రతివాదినై ఇప్పటికీ ప్రశ్నించుకుంటాను. అది భయంతో కొట్టుకున్న నా గుండె చప్పుడేనా? కావచ్చు. కానీ గుండెకు ఆముదం వాసన ఉండదు. నాకా మనిషికి నా గుండె వినబడదు. బండి రాత్రంతా కొట్టంలోనే నిలబడి ఉంటే డబ్బా ఎందుకు ఎండింది? చలికి ఆముదం గడ్డకట్టి కారలేదా? అదీ కావచ్చు. అందుకే అప్పటి నుంచి సెలవులకు ఇంటికి వచ్చిన ప్రతి పొద్దునా ఆ డబ్బా చూస్తున్నాను. అంతకంటే చలి రాత్రులు ఎన్నో గడిచాయి.

డబ్బా మళ్లీ ఒక్కనాడూ ఎండి లేదు.