నెమలీక ఫ్లై, నీలం ఫోల్డర్

మా చిన్నప్పుడు... నాకు పదకొండేళ్లు... అమెరికాలో మేముండే మోరిస్‌విల్‌లో తెల్లారకముందే బయల్దేరి నాలుగు గంటలు డ్రైవ్ చేసి కొండల్లోకి వెళ్తే, ఏటి పక్క గాలాల షాపులో మా నాన్న మొదట అడిగే మాట ఎప్పుడూ ఒకటే. "దిస్ ఈజ్ అలౌడ్, రైట్?"

అందరూ "ఇవాళ దేనికి పడుతున్నాయి?" అని అడిగే చోట, మా నాన్న ఒక్కడే పర్మిషన్ అడిగేవాడు!

ఫ్లై అంటే నిజం ఈగ కాదు. చిన్న గాలపు కొక్కేనికి ఈకలూ దారమూ చుట్టి పురుగులా కట్టిన ఎర. ట్రౌట్ చేప మహా గడుసుది... ఆ రోజు ఏట్లో ఏ పురుగు ఉందో అలాంటిది వేస్తేనే నోరు తెరుస్తుంది. ఇవి నాకెవరూ నేర్పలేదు. షాపు గుమ్మం దగ్గర ఊరికే ఇచ్చే కరపత్రాలు తెచ్చుకుని బాత్రూంలో కూడా చదివేదాన్ని. రాయి ఎత్తు, అడుగున పాకే పురుగు రంగు చూడు, ఆ రంగు ఫ్లై ఎంచుకో... నాకదే వేదం.

మేం చేపలు తినం. ఆ ఏట్లో పట్టినదాన్ని వదిలెయ్యాలని రూల్ కూడా. "తినని చేపని పట్టడం దేనికండీ, దాన్నీ మిమ్మల్నీ హింస పెట్టుకోడానికా?" అనేది అమ్మ. నాన్న మేనేజర్‌కి ఫిషింగ్ పిచ్చి. సోమవారం ఆయనతో మాట్లాడ్డానికి ఏదో ఒక కబురు కావాలి కదా... అలా మొదలైంది.

నాన్న జేబుల చొక్కాలో ఒక నీలం ప్లాస్టిక్ ఫోల్డర్ ఉండేది. పాస్‌పోర్ట్ కాపీలు, వీసా కాగితాలు, ఫిషింగ్ లైసెన్స్, రూల్స్ ప్రింటవుట్. నీళ్లలోకి దిగినా అది ఒంటి మీదే!

ఆ వారం నేనే ఒక ఫ్లై కట్టాను. కృష్ణుడి బొమ్మ పక్కనున్న నెమలీక నుంచి నాలుగు పోగులు, అమ్మ పాత పట్టుచీర అంచున ఊడిన జరీ పోగు. రూల్ ప్రకారం, చేప నోట్లోంచి జారకుండా పట్టే కొక్కెం మీది ముల్లు కూడా కటింగ్ ప్లేయర్‌తో నొక్కేశాను. అమ్మ చూడనే చూసింది. "దేవుడి ఈక పీకి చేపకి పెడతావుటే, రాక్షసీ!"

ఏట్లో రెండు గంటలు... షాపువాడు ఓకే అన్న మూడు ఫ్లైలనే నాన్న మార్చి మార్చి విసిరాడు. ఒక్క చేపా ముట్టలేదు. నేను రాళ్లెత్తి చూశాను. ప్రతి రాయి కిందా ముదురాకుపచ్చ పురుగులు... అచ్చం నా ఫ్లై రంగు!

"నాన్నా, నాది కట్టు. ఒక్కసారి."

"ఇంట్లో చేసినవి వాడొచ్చని రూల్స్‌లో లేదు అమ్మలూ."

"వాడొద్దని కూడా లేదు కదా!"

"వద్దని లేదంటే సరే అని కాదు."

నేను నీళ్లలో కాలు దబదబా కొట్టి ఏడుపు మొదలెట్టాక కట్టాడు. మూడోసారి విసరగానే గాలపు కర్ర విల్లులా వంగింది. నాన్న నవ్వాడు... గట్టిగా, ఒళ్లంతా కదిలేలా. మా అపార్ట్‌మెంట్‌లో ఆ నవ్వు నేనెప్పుడూ వినలేదు.

అంతలో గట్టు మీద బూట్ల చప్పుడు. టోపీ, బ్యాడ్జి... లైసెన్సులు తనిఖీ చేసే రేంజర్.

నాన్న మొహం చూస్తుండగానే పాలిపోయింది. చొక్కాకి వేలాడే నెయిల్ కట్టర్ తీసి, టక్కున దారం కోసేశాడు. నీళ్లలో జరీ ఒక్కసారి తళుక్కుమంది. చేప పోయింది... నా ఫ్లై పెదవికి వేసుకుని.

రేంజర్ దిగొచ్చి నవ్వుతూ అడిగాడు, ఇవాళ దేనికి పడుతున్నాయని. అంతే! నాన్న "నథింగ్ సర్" అంటూ ఫోల్డర్ మొత్తం ఆయన చేతికిచ్చాడు. ఆయన లైసెన్స్ ఒక్కటి చూసి, మిగతావి ఏం చెయ్యాలో తెలీక తిరిగిచ్చేశాడు.

"పడింది! నేను కట్టిన ఫ్లైకే పడింది! మా నాన్నే కోసేశాడు!" అని ఇంగ్లీషులో అరిచాను.

"ఇంట్లో కట్టిందా? అవే బెస్ట్" అన్నాడు రేంజర్.

కారెక్కాక, "నువ్వు పిరికివాడివి నాన్నా" అన్నాను. ఫోల్డర్‌ని మళ్లీ జేబులో సర్దుకుంటూ అన్నాడు... "గ్రీన్ కార్డ్ రానీ అమ్మలూ. అప్పుడు ఇద్దరం కలిసి అరుద్దాం."

ముల్లు నొక్కిన కొక్కెం కొన్నాళ్లకి దానంతటదే ఊడిపోతుందని కరపత్రంలో ఉంది. ఆ చేపకి ఊడిపోయే ఉంటుంది.

మాకు కార్డ్ రాలేదు. నాకు ఇరవై ఒకటి నిండగానే, ఇక పిల్లల లెక్కలోకి రానని, నాన్న గ్రీన్ కార్డ్ ఫైల్లోంచి నా పేరు పోయింది. నాలుగేళ్లప్పుడు వచ్చిన దేశంలో ఇప్పుడు నాది స్టూడెంట్ వీసా. క్యాంపస్‌లో హక్కుల కరపత్రాలు పంచేది నేనే. మీటింగుల్లో పెద్ద గొంతూ నాదే. భయపడితే బతుకేంటి అని అందరి మీదా ఎగురుతాను.

మొన్న ఒక్కదాన్నే ఆ కొండలకి వెళ్లాను. ముందే ఏట్లో రాళ్లెత్తి చూసొచ్చాను, ఏ ఫ్లై కావాలో నాకు తెలుసు. షాపులో అది చేతిలోకి తీసుకున్నాను. కౌంటర్ దగ్గర పెద్దాయన ఊరికే నావైపు చూశాడు. అంతే... నా నోట్లోంచి వచ్చేసింది.

"దిస్ ఈజ్ అలౌడ్, రైట్?"

మీ ఇంట్లో ఆ ఫోల్డర్ ఏ రంగు? కింద కామెంట్లలో రాయండి...

మాది నీలం. ఇప్పుడు నా బ్యాగ్‌లో ఉంటోంది.