బట్టల పార్శిల్ వచ్చిన రోజు

1999 జూన్‌లో నేను దివిసీమలో, సముద్రపు కరకట్టను ఆనుకుని ఉన్న ఒక పల్లెపాలెం బ్రాంచి పోస్టాఫీసులో మెయిల్ క్యారియర్‌గా పనిచేస్తున్నాను. అప్పట్లో మా హోదాను ఎక్స్‌ట్రా డిపార్ట్‌మెంటల్ అనేవారు. అంటే శాఖలో ఉంటాం గానీ పూర్తి ఉద్యోగులం కాము, రోజుకు కొన్ని గంటల పని. ఉదయం అవనిగడ్డ నుంచి బస్సులో వచ్చిన సంచిని కరకట్ట మీద దించుకుని ఆఫీసుకు మోసుకెళ్ళాలి. బ్రాంచి పోస్టుమాస్టరు సీలు విప్పి ఉత్తరాలకు ముద్ర వేశాక వాటిని పంచాలి. మధ్యాహ్నం కట్టిన సంచిని తిరుగు బస్సు ఎక్కించాలి.

ఈ పని మొదట మా ఆయనది. ఆయన మంచాన పడినప్పుడు బదులుగా నేను సంచి మోశాను. మోతకు చదువు అక్కర్లేదు. ఆయన పోయాక ఆ పోస్టులో నన్నే వేయాలంటే తెలుగు చదవడం, రాయడం రావాలన్నారు. ముప్పై ఎనిమిదేళ్ళ వయసులో వయోజన విద్య తరగతిలో పలక పట్టాను. ఏడాదిన్నరకు చిరునామాలు తడుముకోకుండా చదవగలిగాను. చిరునామా అంటే నాలుగు వరుసలే. ఉత్తరం లోపలి చేతిరాత వేరే సంగతి. ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ పోవాలి. అయినా పాలెంలో చాలామందికి నా చదువే దిక్కు.

మా పోస్టుమాస్టరు సుబ్బారావుగారు ఈ విషయంలో ఒక నియమం చెప్పారు. అడిగితే చదివి పెట్టవచ్చు. కానీ ఒకరి ఉత్తరంలో ఏముందో రెండో మనిషికి చెప్పకూడదు. అసలు ఉత్తరం వచ్చిందన్న సంగతి కూడా చెప్పకూడదు. ఇది ఆయన సొంత మాట కాదు, శాఖ నియమమే.

నాంచారమ్మ కొడుకు ఏడుకొండలు అంతకు ముందు ఏడాది గుడివాడలో జరిగిన ఎంపికలో సైన్యానికి కుదిరాడు. జబల్‌పూర్‌లో శిక్షణ. అతను తల్లికి నెలకొక కార్డు రాసేవాడు. మా పాలెంలోనే మల్లేశ్వరి అనే అమ్మాయికి మాత్రం పది రోజులకొక ఇన్‌లాండ్ లెటరు. పడవ కట్టేచోటు దగ్గర వచ్చిన తగాదాతో మల్లేశ్వరి తండ్రి వెంకన్నకూ ఏడుకొండలు ఇంటికీ మాటల్లేవు. అందుకని ఉత్తరాలు ఇంటికి తేవద్దని, తానే ఆఫీసుకు వచ్చి తీసుకుంటానని మల్లేశ్వరి సుబ్బారావుగారిని అడిగింది. పేరున్న మనిషి స్వయంగా వచ్చి తీసుకోవడానికి అభ్యంతరం లేదు. ఆఫీసు సుబ్బారావుగారి ఇంట్లోనే. మల్లేశ్వరి ఎండు నెత్తళ్ళ తట్ట నెత్తిన పెట్టుకుని వచ్చి, సుబ్బారావుగారి భార్యకు చేపలు కొలిచి, వెనక వసారాలో నా పక్కన కూర్చునేది. ఆమెకు చదువు రాదు, నేనే చదివి పెట్టేదాన్ని.

ఆ విధంగా శిక్షణ శిబిరం ఎలా ఉంటుందో నాకు తెలిసింది. తెల్లవారుజామున నాలుగింటికి ఈల. గడ్డం వచ్చినా రాకపోయినా గీసుకోవాలి. పక్కగుడ్డ మీద ముడత కనిపిస్తే మొత్తం పీకి మళ్ళీ పరవాలి. నేర్పించే హవల్దారును ఉస్తాద్ అనాలి. ఆయన హిందీలో తిడితే అర్థమయ్యేలోపు అందరితోపాటు పరుగు మొదలుపెట్టాలి. అన్నం వారానికి రెండుసార్లే. ఈత పరీక్ష రోజున రాజస్థాన్ కుర్రాళ్ళు నీళ్ళు చూసి వెనక్కి జరిగితే, ఏడుకొండలు అటునుంచి ఇటు రెండుసార్లు ఈదాడట. ఎక్కడ నేర్చుకున్నావని ఉస్తాద్ అడిగితే, మా ఊళ్ళో నేర్పరు సాబ్, తోసేస్తారు అన్నాడట. ఆ ముక్క మల్లేశ్వరి మళ్ళీ మళ్ళీ చదివించుకుంది.

మే నెల నుంచి ఉత్తరాల తీరు మారింది. కార్గిల్‌లో యుద్ధం. సెలవులన్నీ రద్దు. సాయంత్రం టీవీ ముందు కూర్చున్న రిక్రూట్లు ఎవరూ మాట్లాడుకోవడం లేదని రాశాడు. శిక్షణ చివర జెండా ముందు ప్రమాణం చేసే కవాతును కసమ్ పరేడ్ అంటారు. దాన్ని ముందుకు జరిపారని, అది కాగానే ఎవరిని ఎక్కడికి పంపుతారో తెలియదని రాశాడు. మా పంచాయతీ ఆఫీసు టీవీలోనూ జెండా కప్పిన పెట్టెలు చూపించేవారు. నాంచారమ్మ అటు వెళ్ళడం మానేసింది.

జూన్ మూడో వారంలో ఒక సోమవారం మల్లేశ్వరికి ఉత్తరం వచ్చింది. చదివి పెట్టాను. గురువారం నాంచారమ్మ పేర రిజిస్టర్డ్ పార్శిల్ వచ్చింది. తెల్లగుడ్డలో కుట్టి, కుట్టు మీద లక్క సీళ్ళు వేసి ఉంది. అంత బరువున్న పార్శిల్‌ను ఇంటికి మోయకుండా, మనిషిని పిలిపించి ఆఫీసులోనే ఇవ్వవచ్చు. ఆమెకు మోకాళ్ళ నొప్పులు గనుక నేనే మోసుకెళ్ళాను. వేలిముద్ర వేయించుకుని, పక్కింటి ఆమె చేత సాక్షి సంతకం చేయించుకుని, బస్సు వేళయిందని గడప దిగేశాను.

సంచితో కరకట్ట మీద నిలబడి ఉండగా ఏడుపు వినిపించింది. బస్సు అప్పుడే మలుపు తిరుగుతోంది. సంచి కండక్టరుకు ఇచ్చి, జాబితా మీద సంతకం తీసుకుని వెనక్కి నడిచాను. అవి పూర్తి కాకుండా కదలడానికి వీల్లేదు.

నాంచారమ్మ ముంగిట్లో పాలెం సగం ఉంది. విప్పిన గుడ్డ మధ్యలో రెండు చొక్కాలు, ప్యాంటు, లుంగీ, చేతి గడియారం. అన్నీ ఏడుకొండలు ఇక్కడి నుంచి వేసుకువెళ్ళినవే. లోపల చీటీ ముక్క లేదు. ఆమె చొక్కాను ముఖానికి అదుముకుని ఉంది. ఎవరూ ఆమెకు తప్పని చెప్పలేదు, ఎందుకంటే అందరూ అదే అనుకున్నారు. మా పాలెంలో మనిషి రాకుండా బట్టలు వస్తే దానికి ఒకటే అర్థం. డెబ్భై ఏడు ఉప్పెనలో శవాలు దొరకని ఇళ్ళవాళ్ళకు బట్టలు చూపించి గుర్తుపట్టమన్నారు. నాంచారమ్మ పెద్దకొడుకును అలాగే గుర్తుపట్టింది. మనిషి దొరకలేదు, నిక్కరు దొరికింది. నిజం చెప్పాలంటే ఆ చొక్కాలు చూసినప్పుడు నేనూ అదే అనుకున్నాను.

ఆఫీసుకు వెళ్ళి సుబ్బారావుగారికి చెప్పాను. ఆయన, పార్శిల్ అక్కడ ఏ తేదీన వేశారో చూశావా అని అడిగారు. చూడలేదు. సోమవారం వచ్చిన ఉత్తరం ఏ తేదీదని అడిగారు. అదీ తెలియదు. ఉత్తరం చదివేటప్పుడు నేను పైనున్న అంకెలు వదిలేసి పిలుపు దగ్గర మొదలుపెట్టేదాన్ని. అంకెలు చదవడం వచ్చు, అవసరం అనుకోలేదు. పార్శిల్ గూడ్సు సరుకులా రోజుల తరబడి ఆగుతూ గుడివాడ చేరుతుంది, అక్కడి నుంచి బందరు, అవనిగడ్డ. ఉత్తరం వెనక బయలుదేరి ముందు రావచ్చు. ఉత్తరం పార్శిల్ తర్వాతి తేదీదైతే మనిషి అప్పటికి ఉన్నట్టే అన్నారు. రిజిస్టరు తిప్పి పార్శిల్ బయలుదేరిన తేదీ చూశారు. తొమ్మిది.

అయితే ఉత్తరం ఉందన్న సంగతి నాంచారమ్మకు చెప్పే హక్కు మా ఇద్దరికీ లేదు. అడగాల్సింది మల్లేశ్వరిని.

ఆమె చేపలు ఎండబెట్టే చోట, వల మీద కూర్చుని ఉంది. ఏడుపు అక్కడికీ వినిపిస్తోంది. ఉత్తరం అప్పటికే చేతిలో ఉంది.

“అందులో ఏముందో నాకు నోటికొచ్చు పిన్నీ. ఎప్పుడు రాశాడో తెలీదు” అంది.

విప్పి చూశాను. పైన అతని చేత్తో పద్నాలుగు. వెనక శిబిరం పోస్టాఫీసు ముద్రలోనూ పద్నాలుగే. రెండుసార్లు చూసి చెప్పాను. ఇది బయటపెడితే మీ నాన్నకు తెలుస్తుంది, నీకిష్టం లేకపోతే నేను నోరు విప్పను అన్నాను.

“ఆయనకి నువ్వు చెప్పమాకు. నేనే చెప్పుకుంటా. ముందు ఆ ముసల్దాని ఏడుపు ఆపుదాం, పద” అంది.

నాంచారమ్మ ముంగిట్లో మల్లేశ్వరిని చూసి జనం పక్కకు జరిగారు. ఆ గడప ఆమె తొక్కి మూడేళ్ళయింది. పార్శిల్ గుడ్డ మీది ముద్రను, ఉత్తరం మీది ముద్రను పక్కపక్కన పెట్టి నాంచారమ్మకు చూపించాను. ఆమెకు అంకెలు రావు. పక్కింటి కుటుంబరావు చూసి, తొమ్మిది, పద్నాలుగు అని పైకి చదివాడు. బట్టలు పంపిన అయిదు రోజులకు మీవాడు ఉత్తరం రాశాడు అని నేను చెప్పాను.

“సదువు” అంది నాంచారమ్మ.

తేదీ చదివాను గదా వదినా అన్నాను.

“తేదీ కాదు. అంతా సదువు. వాడి మాట ఇనపడాలి.”

మల్లేశ్వరి వైపు చూశాను. ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుని తల ఊపింది. యాభైమంది ముందు ఆ ఉత్తరాన్ని అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివాను. నా ఉద్యోగంలో అంత కష్టమైన పని ఇంకొకటి లేదు. రైఫిలు రోజూ విప్పి తుడుస్తుంటే నీ జడ విప్పినట్టుంటుంది అన్నచోట ఆడవాళ్ళు ముఖాలు తిప్పుకున్నారు. “తుపాకీ నేర్చుకోమని పంపితే వీడు జడలు నేర్చుకుంటన్నాడా” అని ఒకామె అంది. మా బ్యాచికి ఇంకా ఆర్డరు రాలేదు, వస్తే వెళ్తాను, నువ్వు మాత్రం మా ఇంటి ముందు నుంచి నడిచి వెళ్తూ ఉండు, మా అమ్మకు కోపం వచ్చినా ఫరవాలేదు, మనిషి అలికిడి ఉంటుంది అన్న వాక్యంతో ఉత్తరం అయిపోయింది.

నాంచారమ్మ ముక్కు చీదుకుని మల్లేశ్వరిని పైనుంచి కిందకు చూసింది.

“నాకు రెండు ముక్కల కార్డు. దీనికి మూడు పక్కలా” అంది.

ముంగిలంతా నవ్వింది. అప్పుడు వెనక నిలబడి ఉన్న వెంకన్న ముందుకు వచ్చాడు. ఎప్పుడొచ్చాడో ఎవరూ చూడలేదు. కూతురి వైపు కాకుండా నా వైపు తిరిగాడు. నన్నడిగాడు.

“ఈ ఉత్తరాలు మా ఇంటికి రాలేదేంటి చెల్లెమ్మా?”

పేరు ఎవరిదో వాళ్ళ చేతికే ఇస్తాం అన్నయ్యా అన్నాను. మా మీద పై ఆఫీసుకు ఫిర్యాదు రాస్తాడేమో అనుకున్నాను. అతను చొక్కాల వంక, గడియారం వంక చూశాడు. “ఎండలో కూచోబెట్టారు, ఆ ముసలామెకు మంచినీళ్ళన్నా ఇవ్వండి” అని వెళ్ళిపోయాడు. మల్లేశ్వరి బట్టలు మడతపెట్టడానికి అక్కడే కూర్చుంది.

ఏడుకొండలు తల్లికి విడిగా రాసిన కార్డు శనివారం వచ్చింది. యూనిట్‌కు వెళ్ళేవాళ్ళు కిట్ బ్యాగు తప్ప ఏమీ ఉంచుకోకూడదన్నారని, సొంత బట్టలు ఇంటికి పంపుతున్నానని, కంగారు పడవద్దని అందులో ఉంది. పల్లెపాలెం అనే పేరుతో తీరమంతా ఊళ్ళున్నాయి. కార్డు ముందు ఇంకో పల్లెపాలెం తిరిగి వచ్చింది. అతనికి పోస్టింగు వచ్చేసరికి యుద్ధం ముగిసింది. మరుసటి ఏడాది సెలవులో వచ్చి మల్లేశ్వరిని పెళ్ళి చేసుకున్నాడు. పెళ్ళికి వెంకన్న స్వయంగా వచ్చి పిలిచాడు.

నేను అరవై అయిదేళ్ళకు పదవీ విరమణ చేసేదాకా ఈ సంగతి వల్ల నా పనిలో రెండు మార్పులు పాటించాను. ఎవరి ఉత్తరమైనా చదివి పెట్టేటప్పుడు తేదీతో మొదలుపెట్టేదాన్ని. పార్శిల్ ఇచ్చినప్పుడు వేలిముద్ర పడిందని వెళ్ళిపోకుండా, వాళ్ళు విప్పి లోపల ఏముందో చూసుకునేదాకా అక్కడే నిలబడేదాన్ని. దానికోసం పంపకం మునుపటికంటే ఒక అరగంట ముందే మొదలుపెట్టేదాన్ని. మొదటిది నన్నెవరైనా అడిగితే, ఉత్తరం పైనుంచి చదవడమే పద్ధతి అని చెప్పగలను. రెండోది ఏ రూలులోనూ లేదు.