సాంచెల మధ్య పోయిన గొంతు

కోరుట్లలో ఒక పెళ్లి రిసెప్షన్. గిటార్ మెడలో వేసుకుని, నేను రాసిన పాటను మొదటిసారి స్టేజీ మీద పాడుతున్నాను. పల్లవి బాగానే నడిచింది. చరణంలో గొంతు పైకి ఎత్తాల్సిన చోట గాలి తప్ప ఏమీ రాలేదు. మా బ్యాండు సింగర్ వెంటనే అందుకుని ఏదో సినిమా పాటలోకి లాగేసింది. భోజనాల దగ్గరున్న వాళ్లెవరూ గమనించలేదు. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది.

మాది సిరిసిల్ల. పవర్‌లూమ్ నడుపుతాను, మా దగ్గర వాటిని సాంచెలు అంటాం. పెళ్లిళ్ల సీజన్‌లో కోరుట్ల, జగిత్యాల వైపు ఫంక్షన్లలో గిటార్ వాయిస్తాను. పాట జోలికి ఎన్నడూ పోలేదు. ముప్పై నాలుగేళ్లు వచ్చాక పోవడానికి కారణం మా బాపు. నలభై ఏళ్లు సాంచెల మీద పనిచేసి ఆయన చెవులు పోగొట్టుకున్నాడు. ఒకరోజు కరెంటు పోయి షెడ్డంతా సద్దుమణిగాక, "నా చెవులల్ల సాంచె ఇంక నడుస్తనే ఉన్నది, కొడుకా" అన్నాడు. ఆ మాట నన్ను వదల్లేదు. "సాంచె బందయింది బాపూ, ఇగ పండుకో" అని పల్లవి కట్టాను. ఆ పాట ఒక్కసారి ఆయన చెవిన పడాలి. అంతకుమించి నాకు ఏ కోరికా లేదు.

ఇంట్లో పాడాలంటే సిగ్గు. అందుకే సాంచెలు నడుస్తున్నప్పుడు షెడ్డులో పాడేవాణ్ని. ఎంత అరిచినా పక్కవాడికి వినపడదు. నాకూ వినపడదు, అందుకని ఇంకా గట్టిగా పాడేవాణ్ని. ఎనిమిది నెలలు అదే నా సాధన. ఇంత మంచి చోటు ఎవరికి దొరుకుతుందని మురిసిపోయాను కూడా, తెలివితక్కువ వాణ్ని.

రిసెప్షన్ తర్వాత బొంగురు తగ్గలేదు. తేనె, అల్లం, మిరియాల పాలు, మెడికల్ షాపువాడిచ్చిన మాత్రలతో రెండు నెలలు వెళ్లదీశాను. చివరికి నా భార్య స్వరూప పోరు పడలేక జగిత్యాలలో ఈఎన్‌టీ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. తోడుగా బాపు వచ్చాడు. ఆవిడ నా నాలుక లాగి పట్టుకుని, గొంతులోకి కెమెరా పెట్టి "ఈ" అనమన్నారు. టీవీలో నా వోకల్ కార్డ్స్ కనిపించాయి. ఒకదాని అంచున చిన్న బుడిపె.

"ఇది పాలిప్. మీరు ఎక్కడ ప్రాక్టీస్ చేస్తారు?" అని అడిగారు.

చెప్పాను. ఆవిడ పెన్ను కింద పెట్టేశారు. అంత చప్పుడులో మనిషి పాడుతున్నాననుకుంటూ అరుస్తాడట, ఆ సంగతి తనకే తెలియదట. తర్వాత బాపును ఏదో అడిగారు. మూడుసార్లు అడిగినా ఆయన తల ఊపుతూ కూర్చున్నాడు. ఆయనకూ ఆడియోగ్రామ్ అని వినికిడి పరీక్ష రాశారు.

వాయిస్ రెస్ట్, స్పీచ్ థెరపీ అన్నీ చేశాను. పాలిప్ తగ్గలేదు. కరీంనగర్‌లో సర్జరీ అయింది. తీసిన ముక్కను బయాప్సీకి పంపుతామని, భయపడవద్దని చెప్పారు. ఆ మాట విన్నాకే భయం పట్టుకుంది. రిపోర్టులో ఏమీ లేదని తెలిసేదాకా ముద్ద దిగలేదు.

సర్జరీ అయిన ఆ వారం ఒక్క మాట మాట్లాడకూడదు. స్వరూప ఏడుపు ఆపుకోవడం చూస్తున్నాను, ఊరుకోమని కూడా అనలేను. బాపుకు మాత్రం తేడా ఏమీ తెలియలేదు. షెడ్డులో మేం ఎప్పుడూ చేతి సైగలతోనే మాట్లాడుకుంటాం. ఇంట్లోనూ అట్లాగే గడిచిపోయింది.

రెండు నెలల తర్వాత మళ్లీ కెమెరా పెట్టారు. "కోసిన చోట స్కార్ వచ్చింది. మాటకు ఇబ్బంది లేదు. పాటకు మాత్రం నేను గ్యారంటీ ఇవ్వలేను" అన్నారు డాక్టరమ్మ. ఇంకేం చేయాలని అడిగాను. ఎక్సర్‌సైజులు చేస్తూ చూద్దాం అన్నారు. చేస్తూనే ఉన్నాను, ఏడాది దాటింది. పై స్వరం దగ్గర ఇప్పటికీ గాలే వస్తుంది. ఎవరి మీద కోప్పడాలో తెలియదు. గిటార్ తీగ తెగితే కొత్తది వేసుకుంటాను, దీన్ని ఏం చేయను?

ఇప్పుడు ఫంక్షన్లలో ఆ పాట మా సింగర్ పాడుతుంది, నేను గిటార్ వాయిస్తాను. బాపుకు చెవి మిషన్ పెట్టించాం. కుక్కర్ విజిల్‌కు ఉలిక్కిపడి స్వరూపను కసురుతుంటాడు. మొన్న ఆదివారం మంచం మీద ఆయన పక్కన కూర్చుని, పాటను బాగా కింది శ్రుతికి దించి, పై స్వరాలు వదిలేసి పాడాను. ఆయన చివరిదాకా విన్నాడు. ఇంతకుముందు నా పాట ఎన్నడూ వినలేదు, దేనితో పోల్చుకుంటాడు?

"ఆపరేషన్ మంచిగ చేసిండ్రు, కొడుకా. గొంతు మొత్తం వాపసచ్చింది" అన్నాడు.

అవును బాపూ అన్నాను.

మీలో పాడేవాళ్లుంటే నేను చెప్పేది ఒక్కటే. మీ గొంతు మీకే వినపడని చోట పాడకండి. బొంగురు మూడు వారాలు దాటితే తేనె సీసా పక్కన పెట్టి ఈఎన్‌టీకి చూపించుకోండి. ఎప్పుడైనా సిరిసిల్ల వస్తే మా ఇంటికి రండి. బాపు ఆ పాట పాడమంటాడు, నేను పాడతాను. అది సగం గొంతేనని మాత్రం ఆయనకు చెప్పకండి.