వెర్నన్ ఆగిన చోట

కరోనా మాస్కులు తీసేసిన తర్వాతి వసంతంలో, నేను రిటైరవడానికి రెండేళ్ళ ముందు, జర్మనీలో, మ్యూనిక్ పక్కనే ఉన్న ఉంటర్‌ఫ్యోరింగ్‌లోని మా స్టూడియోలో ఒక అమెరికన్ ర్యాపర్ జీవితం మీద తీసిన డాక్యుమెంటరీకి సౌండ్ మిక్సింగ్ నాకు అప్పగించారు. అప్పటికి నేను సీనియర్ మిక్సింగ్ ఇంజనీరును. మాటలు, సంగీతం, వీధి చప్పుడు వేర్వేరు ట్రాకులుగా వస్తాయి. ఏది ఎంత వినబడాలో తేల్చి వాటిని ఒక్కటిగా కలపడం నా పని. ర్యాప్ అంటే మాత్రం నాకు పడేది కాదు. తెనాలిలో పుట్టి పెరిగినదాన్ని, పాటంటే రాగం ఉండాలని నా పట్టుదల.

ఆ విషయంలో రోజూ నాతో వాదనకు దిగేవాడు మా ఎడిటర్ రాకేశ్. వరంగల్ వాడు, బ్లూ కార్డు అనే ఉద్యోగ వీసా మీద వచ్చి మ్యూనిక్‌లో స్థిరపడ్డాడు. ఆంటీ అనకుండా అక్కా అని పిలిచాడు కాబట్టే మా స్నేహం నిలిచింది.

మా డాక్యుమెంటరీ కథానాయకుడు వెర్నన్ గురించి అతను చెబితేనే నాకు తెలిసింది. క్లీవ్‌లాండ్‌లో ఒక బస్సు మెకానిక్ కొడుకు. తమ్ముడు ఓటిస్‌తో కలిసి పార్కుల్లో, పెళ్ళి విందుల్లో, ఎవరు పిలిస్తే అక్కడ పాడి పైకొచ్చాడు. గుక్క తిప్పుకోకుండా పాడతాడని పేరు. నిజానికి గుక్క తిప్పుకునేవాడు. ఆ క్షణంలో పాదం చివరి మాటలు ఓటిస్ అందుకునేవాడు కాబట్టి ఎవరికీ తెలిసేది కాదు. స్టేజీ మీద ఆ రెండో మనిషిని హైప్‌మ్యాన్ అంటారు. ఓటిస్ గుండెపోటుతో పోయాక వెర్నన్ ఇంకెవరినీ పక్కన నిలబెట్టుకోలేదు. ఆపైన గొంతు క్యాన్సర్, ఆపరేషన్. మాకు ఇంటర్వ్యూ ఇచ్చేనాటికి ఆయన గొంతు గరుకుగా, సన్నగా ఉంది. నాలుగు మాటలకోసారి ఆగి గాలి తీసుకోవలసి వచ్చేది.

జర్మన్ టీవీలో పరాయి భాష మనిషి మాట్లాడితే ఒక పద్ధతి ఉంది. మొదటి మాటలు ఆ మనిషి గొంతులో వినిపించి, వెంటనే దాన్ని తగ్గించేసి, పైన జర్మన్ గొంతు పరుస్తారు. మాకు గొంతు ఇచ్చినవాడు కెస్లర్ అనే నటుడు. ఖంగుమనే గొంతు. ఛానల్ చెప్పిన నిడివికి సరిపోయేలా వెర్నన్ మాటల మధ్య ఖాళీలను రాకేశ్ కత్తిరించాడు, నేను కెస్లర్ గొంతును పైన వేశాను. అంతా పద్ధతి ప్రకారమే జరిగింది.

రాకేశ్ మాత్రం గొణుగుతూనే ఉన్నాడు. "గిదేం అన్యాయం అక్కా? ఆయన మాట్లాడుతుంటే మనం మీదికెల్లి మాట్లాడుతున్నం."

ఛానల్ తరఫు బాధ్యురాలు ఫ్రౌ వేబర్‌కు ఆ మాట చెప్పి చూశాడు. సబ్‌టైటిల్స్ వేస్తే జనం ఛానల్ మార్చేస్తారని ఆవిడ ఒప్పుకోలేదు.

పూర్తయిన పనిని చూసి ఆమోదించే ప్రదర్శనను అక్కడ అబ్‌నామె అంటారు. దానికి వెర్నన్ స్వయంగా వచ్చాడు. ఆయన సంతకం పెట్టకపోతే డాక్యుమెంటరీ ప్రసారం కాకూడదని ఒప్పందం. రాకేశ్ ఆ రోజు కొత్త చొక్కా వేసుకొచ్చాడు.

సగం కాకముందే వెర్నన్ చెయ్యెత్తాడు. ఆపాను. ఆ మాట్లాడేది ఎవరని అడిగితే ఫ్రౌ వేబర్ చెప్పింది. ఆ గొంతు చాలా బాగుందని ఆయన మెచ్చుకున్నాడు. ఆపరేషన్ తర్వాత మాట మళ్ళీ నేర్చుకోవడానికి తాను పడ్డ పాట్లన్నీ తెర మీద ఉన్నాయి గానీ, ఆ నేర్చుకున్న మాటే లేదన్నాడు. వినసొంపుగా లేదని మీరే దాచేస్తే రేపు నలుగురిలో నోరెలా తెరవాలని అడిగాడు. కోపంగా కాదు, నెమ్మదిగానే. సంతకం పెట్టనని చెప్పి కోటు అందుకున్నాడు.

ఫ్రౌ వేబర్ ఎలాగో ఆయన్ను కాఫీకి ఒప్పించి తీసుకెళ్ళింది. గదిలో మేమిద్దరం మిగిలాం.

"ఓటిస్ ఉంటే గిట్ల కానియ్యకపోతుండె అక్కా," అన్నాడు రాకేశ్. "అన్న ఆగినంకనే అందుకుంటుండె."

అప్పుడు తట్టింది నాకు, చిన్నప్పుడు తెనాలిలో విన్న బుర్రకథ. కథకుడు చెప్పుకుపోయి చెప్పుకుపోయి ఊపిరి తీసుకునేసరికి పక్కన ఉన్న వంతలు తందాన అంటూ అందుకునేవాళ్ళు. కథ ఒక్క క్షణం ఆగేది కాదు, ఆయన మాట మీద వాళ్ళ మాట పడేదీ కాదు. అయ్యో రామ, నేను అన్నేళ్ళు ఈసడించిన ర్యాప్‌లో మా ఊరి వంత ఉంది!

"ఒరేయ్ రాకేశ్, నువ్వు కోసేసిన ఖాళీలు ఉన్నాయా, పారేశావా?"

"పారేస్తనా అక్కా? అన్నీ పైలంగ ఉన్నయ్."

"అయితే తియ్యి!"

ఫ్రౌ వేబర్‌ను పక్కకు పిలిచి చెప్పాను. వెర్నన్ తన గొంతుతోనే, తగ్గించకుండా మాట్లాడతాడు. ఆయన ఆగిన చోట మాత్రమే జర్మన్ వస్తుంది. నిడివి పెరుగుతుంది, అది ఆవిడ చూసుకోవాలి. ఆవిడ సాయంత్రానికి ఒక్క సన్నివేశం చేసి చూపించమంది, పైవాళ్ళతో తాను మాట్లాడతానంది. ఆ ఒక్క మాటకు ఆవిడకు ఈ రోజుకీ కృతజ్ఞురాలిని. కెస్లర్ కూడా పిలవగానే వచ్చాడు. పొడుగు వాక్యాలను ఆ చిన్న ఖాళీల్లో ఇరికించలేక మొదట విసుక్కున్నాడు. తర్వాత తనే వాటిని ముక్కలు చేసుకుని, గొంతు తగ్గించి చదివాడు.

సాయంత్రం వేసి చూపించాం. తెర మీద వెర్నన్, "వాడు పోయాక..." అని ఆగాడు. కెస్లర్ మెల్లగా అందుకున్నాడు. "నా పక్కన ఎవరినీ..." మళ్ళీ ఆగాడు. మళ్ళీ కెస్లర్.

కుర్చీలో ఉన్న వెర్నన్ కళ్ళు మూసుకుని విన్నాడు. అయ్యాక కెస్లర్ వైపు తిరిగి, ఓటిస్ ఏనాడూ ఇంత ఓపిగ్గా ఆగలేదని, తొందరపడి తన పాదాలు సగం మింగేసేవాడని చెప్పి నవ్వాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. మిగతాదంతా ఇలాగే చేస్తామని మాట తీసుకుని, అక్కడే సంతకం పెట్టాడు. రాకేశ్ సంగతి చెప్పక్కర్లేదు, వాడు అప్పటికే ముక్కు చీదుతున్నాడు.

డాక్యుమెంటరీ ఆ శీతకాలంలో ప్రసారమైంది. ఉద్యోగంలో మిగిలిన ఆ కొద్దికాలం, పరాయి భాష గొంతు నా దగ్గరికి ఎప్పుడొచ్చినా ముందుగా జర్మన్ ట్రాకు తెరవడం మానేశాను. ఆ మనిషి ఎక్కడ ఊపిరి తీసుకుంటున్నాడో మొదట గుర్తుపెట్టుకునేదాన్ని. ఇంకొకరి మాటను చెప్పేవాడికి చోటు అక్కడ ఉంటుంది. అంతకు మించి లేదు.